జెన్ హువాన్ కాలక్రమం షీట్, నాలుగో ప్రయత్నం: ఆ మూడేళ్లు ఇమడట్లేదు

మళ్లీ అక్కడే తెగింది. ‘జెన్ హువాన్ చరిత్ర’ అనే చైనీస్ నవలనీ, దాన్నుంచి వచ్చిన టీవీ సీరియల్‌నీ పోలుస్తూ, సీన్లకు చరిత్రలోని తేదీలు తగిలించే షీటు ఇది. జెన్ హువాన్ అందులో కథానాయిక, చక్రవర్తి రాణుల్లో ఒకతె. ఈసారైనా సీరియల్ 76 ఎపిసోడ్లూ ఒకే కాలరేఖ మీద కూర్చుంటాయనుకున్నా. రక్తపరీక్ష సీను దాకా సాఫీగానే వచ్చింది, అక్కడ మూడేళ్లు తేడా కొట్టింది. దుప్పటి తల మీదికి లాగితే కాళ్లు బయట, కాళ్ల మీదికి లాగితే తల బయట.

ముందు అయిపోయినవి చెప్పేస్తా. పేర్ల పట్టీ పూర్తయింది: నవలలో మురోంగ్ షిలాన్, సీరియల్లో న్యెన్ షిలాన్, అంటే మనందరి హువా ఫెయ్ (చక్రవర్తికి ఇష్టమైన రాణి, జెన్ హువాన్‌కి ప్రత్యర్థి). మహారాణి జూ యీషియు ఇక్కడ ఉలానరా యీషియు అయింది. గువాన్ వెన్‌యువాన్ గువార్జియా వెన్‌యువాన్ అయింది. ఆరో రాకుమారుడు షువాన్ చింగ్ పదిహేడో రాకుమారుడు యున్‌లీ అయ్యాడు. మెయ్‌జువాంగ్, లింగ్‌రోంగ్ అనే ఇద్దరు సహ రాణుల పేర్లు మారలేదు. ‘బూ బూ జింగ్ షిన్’ అనే ఇంకో చైనీస్ సీరియల్ షీటు కూడా మూసేశా. అందులో నవల, సీరియల్ రెండూ చింగ్ రాజవంశ కాలంలోనే నడుస్తాయి కాబట్టి తేదీల గొడవ రాలేదు. కథానాయిక మళ్లీ ఈ కాలంలో కళ్లు తెరిచే చివరి భాగాన్ని సీరియల్ చేర్పుగా గుర్తు పెట్టి వదిలేశా.

ఇక తెగిన చోటు.

నవలలో రాజ్యం పేరు దా జోవు. ఎక్కడా లేని రాజ్యం, ఎప్పుడూ లేని చక్రవర్తి షువాన్ లింగ్. అందుకే రచయిత్రి లియు లియాన్‌జీ చేతిలో కాలం వదులుగా ఉంది. గర్భానికి తొమ్మిది నెలలు, కథానాయిక అంతఃపురం వదిలి గుడిలో ఉండడానికి కొన్నేళ్లు, పిల్లలు పెరగడానికి ఇంకొన్నేళ్లు, ఎంత కావాలంటే అంత. దర్శకుడు జెంగ్ షియావోలోంగ్ 2011 సీరియల్ అదే కథను నిజంగా ఉన్న చింగ్ చక్రవర్తి యోంగ్‌జెంగ్ అంతఃపురంలో పెట్టింది. స్క్రిప్టులో రచయిత్రి చెయ్యి కూడా ఉంది కాబట్టి ‘నవల అర్థంకానివాళ్లు పాడుచేశారు’ అనే మాట నేను ఒప్పుకోను. కానీ యోంగ్‌జెంగ్ పాలన గట్టి గోడలున్న గది లాంటిది. తండ్రి కాంగ్‌షీ పోయింది 1722 డిసెంబర్ 20న, ఇతను పోయింది 1735 అక్టోబర్ 8న. పదమూడేళ్లకు రెండు నెలల పైచిలుకు తక్కువ. కథంతా అందులోనే పట్టాలి.

మొదటి ప్రయత్నం చెడింది తేదీల మార్పిడి వల్లే. యోంగ్‌జెంగ్ ఫలానా ఏడు (పాలనలో ఎన్నో సంవత్సరమో అది) అంటే 1722కి ఆ అంకె కలిపేస్తే సరిపోతుందని రాసుకున్నా. మొదటి ఏడు 1723 ఫిబ్రవరి 5న మొదలవుతుంది, అంతవరకు నడిచింది కాంగ్‌షీ 61వ ఏడే. ఆ కొస ఎలాగో సర్దుకోవచ్చు, అసలు దెబ్బ ఏడాది చివర్లో తగిలింది. హువా ఫెయ్ అన్న, సేనాధిపతి న్యెన్ గెంగ్‌యావ్‌కి చావు ఆజ్ఞ వచ్చింది మూడో ఏడు పన్నెండో నెలలో. కూడితే 1725 వస్తుంది, నిజానికి అది 1726 జనవరి. చాంద్రమానం పదకొండు, పన్నెండు నెలలు ఎప్పుడు వచ్చినా ఒక అడ్డవరస చేర్చి విడిగా సరిచూసుకోవాలి. మన పంచాంగం అలవాటున్నవాళ్లకి ఇది తేలిగ్గానే పట్టుబడుతుంది. వాళ్లకీ అధికమాసాలున్నాయి, నెలలో పదిహేనో రోజు అటూఇటూగా పున్నమే. ఒక్క తేడా గుర్తుంచుకోవాలి: వాళ్ల నెలలో ఒకటో తేదీ అమావాస్య రోజునే పడుతుంది, మనకు ఆ మర్నాడు పాడ్యమి. వయసులు కూడా పుట్టగానే ఒకటి అని లెక్క మొదలై, కొత్త సంవత్సరంతో ఒకటి పెరుగుతాయి. సబ్‌టైటిల్లో పదిహేడు అని ఉంటే మన లెక్కలో పదహారో, పదిహేనో.

హువా ఫెయ్ దగ్గర సీరియల్ చరిత్రను కావాలనే తిరగేసింది. నిజంగా న్యెన్ ఇంటి ఆడపడుచు 1725 డిసెంబర్‌లో జబ్బుతో పోయింది, అన్న ఆ తర్వాత రెండు మూడు వారాలకు. సీరియల్లో అన్న ముందు పోతాడు. ఆ తర్వాతే ఆమెకు హువాన్‌యీ ధూపంలో ఏముందో తెలిసి, తల గోడకేసి కొట్టుకుంటుంది. నాటకానికి ఇదే సరైన వరస. అన్న బతికుండగా ఆమె కూలితే ఆ కూలడానికి బరువుండదు. ఈ మార్పు నాకు పూర్తిగా సమ్మతమే, రెండు మూడు వారాల తేడాతో షీటుకి నష్టమూ లేదు. కాబట్టి 1726 మొదటి మేకు (కదలని తేదీ), గట్టిగా నిలబడింది.

మిగతా మేకులు ఇవి. 1728లో యున్‌లీ జున్‌వాంగ్ నుంచి చిన్‌వాంగ్ అయ్యాడు (రాకుమారుల హోదాలో రెండో మెట్టు నుంచి మొదటి మెట్టుకు). 1730లో కాబోయే చియెన్‌లోంగ్ తల్లి నియుహులు వంశపు స్త్రీ షీ ఫెయ్ నుంచి షీ గ్విఫెయ్ అయింది, అంటే రాణి హోదాలో ఒక మెట్టు పైకి. జెన్ హువాన్ గుడి నుంచి తిరిగొచ్చాక సీరియల్ ఆమెకు తగిలించిన ఇంటిపేరు, బిరుదు ఈమెవే. 1731లో మహారాణి పోయింది. 1733లో చక్రవర్తి కొడుకు (సీరియల్లో జెన్ హువాన్ కవలల్లో ఒకడు) హోంగ్‌జాన్ పుట్టాడు. 1735లో చక్రవర్తి పోయాడు.

ఇప్పుడు సీరియల్ని ఈ మేకులకు తగిలించి చూడండి. 1731 మేకు మొదటి రోజే పీకి పారేశా, సీరియల్లో మహారాణి చక్రవర్తి కంటే తర్వాత పోతుంది. 1728 మేకు గుడి రోజుల్లో పడుతుంది, కానీ అక్కడ యున్‌లీ ఇంకా జున్‌వాంగే. తిరిగొచ్చాక ఆ ఇంట్లో పెళ్లిళ్లు జరిగేటప్పటికీ జున్‌వాంగే. అదీ వదులైపోయింది. సరే, బిరుదు ఆలస్యంగా ఇచ్చారనుకుని ముందుకు పోవచ్చు.

1730, 1733 మాత్రం ఒకదాన్నొకటి బతకనివ్వడం లేదు. బిడ్డ తండ్రి చక్రవర్తి కాదు, వైద్యుడని ఆరోపణ వచ్చిన రక్తపరీక్ష సీను నిలిపి చూడండి. గిన్నెలో నీళ్లు, వైద్యుడు వెన్ షిచూ వేలి నుంచి ఒక చుక్క, చంకలోని పసివాడి వేలి నుంచి ఒక చుక్క. రెండూ కలుస్తాయి, సభ స్తంభించిపోతుంది. తర్వాత సేవకుడు సూ పెయ్‌షెంగ్ రక్తం కూడా కలిసేసరికి నీళ్లలో పటిక ఉందని బయటపడుతుంది. ఈ సీనులో పనికొచ్చే ఆధారాలు రెండు. ఫిర్యాదు చేసే ఆమె నోట వచ్చే మాట ‘షీ గ్విఫెయ్’, అంటే 1730 దాటాలి. పిల్లాడు హోంగ్‌జాన్, ఇంకా చంటివాడు, అంటే 1733 దాటాలి. రెంటికీ సరిపోవాలంటే 1733 చివరో, 1734 మొదలో అని పెట్టాలి. పెట్టా. వెంటనే వెనక చిరిగింది.

వెనక చిరగడానికి కారణం జెన్ హువాన్ కూతురు లోంగ్‌యువే. హువా ఫెయ్ పతనం తర్వాత పుట్టిన పిల్ల, అంటే 1726 ప్రాంతం. పిల్ల పుట్టిన వెంటనే తల్లి గాన్‌లూ గుడికి వెళ్లిపోతుంది. తిరిగొచ్చేసరికి పిల్ల తల్లిని గుర్తుపట్టదు, పెంచిన జింగ్ ఫెయ్ వెనక్కి వెళ్లి దాక్కుంటుంది. తెర మీద ఆ పిల్లకి మహా అయితే నాలుగేళ్లు. కవలలు కడుపులో ఉండగానే తల్లి తిరిగొస్తుంది కాబట్టి, హోంగ్‌జాన్ 1733లో పుట్టాలంటే ఆ రోజుకి లోంగ్‌యువేకి ఆరున్నర దాటాలి. ఆరున్నరేళ్ల పిల్ల అలా దాక్కోదు, ప్రశ్నలు అడుగుతుంది. పోనీ పిల్ల వయసే నమ్మి తిరిగిరావడం 1730లో పెడదామంటే హోంగ్‌జాన్ మూడేళ్లు ముందు పుట్టేస్తాడు. ఆ మూడేళ్లే ఈ మూడేళ్లు.

హోంగ్‌లీ (కాబోయే చియెన్‌లోంగ్) వైపు నుంచి నరుక్కొద్దామని చూశా, ఇంకా ఘోరం. అతను పుట్టింది 1711 సెప్టెంబర్ 25న. ఫుచా వంశపు అమ్మాయితో అసలు పెళ్లి 1727లో. అంటే 1730కే పెళ్లయిన పంతొమ్మిదేళ్లవాడు. జెన్ హువాన్ తిరిగొచ్చి దత్తత తీసుకునే హోంగ్‌లీ తెర మీద ఇంకా కుర్రాడు, పెళ్లి చాలా ఎపిసోడ్ల తర్వాత. అతని వయసును ఆధారంగా తీసుకుంటే కథంతా 1720ల్లోకి జారిపోతుంది.

శీతాకాలాలు లెక్కపెట్టే పద్ధతీ ప్రయత్నించా, అది మూడోసారి. మంచు కనిపించిన ప్రతి సీనుకీ ఒక గీత. కథ మొదట్లో బాగా పనిచేస్తుంది. యీమెయ్ తోటలో మంచు, వసంతంలో ఉయ్యాల, మళ్లీ మంచులో సీతాకోకచిలుకలు, ఒక్కో ఏడూ తేటగా విడిపోతుంది. గుడి దాటాక మంచు లేకుండానే ఏళ్లు గడిచిపోతాయి, గీతలు ఆగిపోతాయి. ఈ పద్ధతి ‘కనీసం ఇన్నేళ్లు’ అని మాత్రమే చెప్పగలదు. ముప్పై, ముప్పై అయిదు ఎపిసోడ్ల దాకా నమ్మొచ్చు, ఆపైన వద్దు.

మరి హోంగ్‌జాన్ మేకు పీకేయొచ్చుగా అంటే, పీకబుద్ధి కావట్లేదు. యోంగ్‌జెంగ్ కొడుకుల్లో హోంగ్‌జాన్ నిజంగా ఉన్నాడు. యున్‌లీ 1738లో పోయాక, ఆ ఇంటికి వారసుడు లేక, హోంగ్‌జాన్‌ని అక్కడికి దత్తు పంపారు. రికార్డుల్లో ఇది ఒక పొడి వాక్యం. సీరియల్ ఆ వాక్యం కింద ఒక రహస్యం పెట్టింది: బిడ్డ కన్నతండ్రి పేరు కిందికే వెళ్లాడని. నవలలో ఆ బిడ్డ యూహాన్, కల్పిత రాజ్యంలో కల్పిత బిడ్డ. కథను చింగ్‌కి తరలించడంలో దక్కిన గొప్ప లాభం ఇదేనని నా నమ్మకం, దీనికోసం మూడేళ్లు వంగినా తప్పులేదు.

ఇలాంటి బలవంతపు మార్పు ఇంకొకటుంది, దాన్ని పట్టుకున్న రోజు చాలా సంతోషం వేసింది. నవలలో మెయ్‌జువాంగ్‌కి కొడుకు పుడతాడు, యూరున్, చివరికి సింహాసనం అతనిదే. సీరియల్లో సింహాసనం హోంగ్‌లీకి తప్ప ఇంకెవరికీ ఇవ్వడానికి వీల్లేదు. చియెన్‌లోంగ్‌ని ఎవరూ మార్చలేరు. కాబట్టి మెయ్‌జువాంగ్ బిడ్డ జింగ్‌హ అనే ఆడపిల్ల అయింది.

నా ప్రస్తుత అంచనా ఇది. సీరియల్ బిరుదుల్ని చరిత్ర నుంచి తీసుకుంది, పిల్లల వయసుల్ని, నెలల్ని నవల నుంచి తెచ్చుకుంది. రెండు గడియారాలు. గుడి దాకా కలిసే నడుస్తాయి, ఎందుకంటే అక్కడిదాకా నవలలోని మురోంగ్ కుటుంబం కథ, చరిత్రలోని న్యెన్ కుటుంబం కథ దాదాపు ఒక నిడివివి. గుడి తర్వాత విడిపోతాయి. ఒకే రేఖ మీద పెట్టాలనుకోవడమే నా పొరపాటు. షీటులో ఇప్పుడు రెండు నిలువు వరసలు: ఒకటి ‘చరిత్ర ఏడు’, ఇంకొకటి ‘జెన్ హువాన్ అంతఃపురంలో అడుగుపెట్టాక గడిచిన నెలలు’. రెండూ ఆరు నెలలకు మించి ఎడమైన ప్రతి సీనుకీ ఎర్ర రంగు. ఎర్ర రంగంతా గుడి తర్వాతే చేరింది.

హోదాల్ని కొలబద్దగా వాడదామనుకునేవాళ్లకి ఒక హెచ్చరిక. దా జోవులో మెట్లు ఎక్కువ. గ్విరెన్, పిన్, జియెయూ, గ్విపిన్, ఇంకా మధ్యలో ఎన్నో. చింగ్ నిచ్చెన పొట్టిది: దాయింగ్, చాంగ్‌జాయ్, గ్విరెన్, పిన్, ఫెయ్, గ్విఫెయ్, హువాంగ్‌గ్విఫెయ్, పైన మహారాణి. నవలలో మూడు అధ్యాయాల్లో మూడుసార్లు హోదా పెరిగితే సీరియల్లో ఒక్కసారే. పైగా ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ పిన్‌నీ ఫెయ్‌నీ ఒకే మాటతో సరిపెడతాయి. చైనీస్ అక్షరాలు కూడా తెర మీద ఉన్న కాపీ లేకుండా ఈ పని మొదలుపెట్టొద్దు. అక్షరాలు రాకపోయినా ఈ ఎనిమిది ఆకారాలు గుర్తుపట్టడానికి ఒక సాయంత్రం చాలు. యంత్రానువాదంతో నవల చదివితే జెన్ హువాన్‌కి ఇచ్చిన ‘వాన్’ అనే బిరుదు ఒక్కో పేజీలో ఒక్కో అర్థంతో వస్తుంది. ఆ బిరుదు చనిపోయిన మొదటి మహారాణి చున్‌యువాన్ ముద్దుపేరులా పలుకుతుందన్నదే కథకు గుండె. అది పోతే ఇంకేం మిగలదు. అమెరికాలో 2015లో వచ్చిన కుదింపు కూర్పు ఆరు భాగాలు, ఒక్కోటి తొంభై నిమిషాలు. ఎపిసోడ్‌కి 45 చొప్పున మూలం 3,420 నిమిషాలైతే ఇది 540. కాలక్రమం పనికి అసలు పనికిరాదు.

వయసుల మాట వచ్చింది కాబట్టి ప్రేమకథ గురించి ఒకటి చెప్పాలి. షువాన్ లింగ్ నవల మొదట్లో ఇరవైల్లో ఉన్న అందగాడు. పైగా కథంతా జెన్ హువాన్ ‘నేను’ అని చెప్తుంది. ఆమె అతన్ని ప్రేమించిందంటే ఏ పాఠకుడికీ అనుమానం రాదు. యోంగ్‌జెంగ్ గద్దెనెక్కేనాటికి నలభై నాలుగేళ్లు, యున్‌లీకి ఇరవై అయిదు. సీరియల్లో ‘నేను’ పోయింది, కెమెరా బయటి నుంచి చూస్తుంది. అదే మంచులో అదే మొక్కు, పువ్వుని చిదమొద్దని గాలిని వేడుకునే అదే తాంగ్ కాలపు పద్య పాదం. నవలలో అది తొలివలపు మొదలు, సీరియల్లో ఒక పిల్ల ఉచ్చు వైపు నడవడం. జెన్ హువాన్‌గా వేసిన సున్ లీ మొహంలో నమ్మకం ఎంత స్వచ్ఛంగా ఉంటే మనకు అంత భయం వేస్తుంది. ఈ తేడాని ఏ నిలువు వరసలో రాయాలో ఇంకా తేలలేదు. ఇప్పటికి ‘ఎవరి కళ్లతో’ అని ఒక వరస తెరిచా.

తర్వాతి పని ఇంకో చైనీస్ కథలోని కథానాయిక మింగ్‌లాన్. నవలలో ఆమె ఈ కాలం అమ్మాయి, పాత కాలంలో మళ్లీ కళ్లు తెరుస్తుంది. 2018 సీరియల్ ఆ ముక్కను పూర్తిగా తీసేసి, కథను ఉత్తర సోంగ్‌లో పెట్టింది. తీసేసిన మనసు జాగాలో ఏం పెట్టారన్నది చూడాలి: ఈ కాలం తెలివితో మింగ్‌లాన్ లోలోపల అనుకునే మాటలు సీరియల్లో నానమ్మ నోటికి వెళ్లాయా, తల్లి కథలోకి వెళ్లాయా, అసలు పోయాయా. ఈసారి మొదటి రోజే రెండు గడియారాలతో మొదలుపెడతా. దానికి ముందు లోంగ్‌యువే తెర మీద కనిపించే ప్రతి సీనూ మళ్లీ చూసి, పిల్ల ఎత్తు పక్కనున్న బల్లతో పోల్చి రాసుకోవాలి. బల్ల మారకుండా ఉన్న గది జింగ్ ఫెయ్‌దే, అక్కణ్నుంచే మొదలు.