మా ఆడపడుచుకి రవి ఎక్కువా, శని ఎక్కువా?

మా ఆడపడుచు ఏదో జాతకం యాప్ వేసుకుని షడ్బలాల (ఒక్కో గ్రహానికి ఉన్న ఆరు రకాల బలాల) పట్టిక స్క్రీన్‌షాట్ పంపింది. "వదినా, నాకు రవి ఫస్ట్ వచ్చాడు, శని ఆఖర్న ఉన్నాడు. నాన్నేమో ఎప్పుడూ నీది శని జాతకం అనేవారు కదా?" అని అడిగింది.

ఆమె పుట్టింది 1983 ఆగస్టులో, శ్రావణ పౌర్ణమి మర్నాడు, రాజమండ్రిలో, పొద్దున్న పదకొండింటికి. తులా లగ్నం. లగ్నంలోనే ఉచ్చ (అత్యంత బలమైన రాశిలో ఉన్న) శని. పదకొండో ఇంట్లో రవి, ఆయనకి మరీ దగ్గరై మూఢంలో పడ్డ లగ్నాధిపతి శుక్రుడు. పదిలో నీచ (ఉచ్చకి ఎదురు, బలహీనమైన రాశిలో ఉన్న) కుజుడు. చంద్రుడు శతభిషంలో.

రవికి మార్కులు రావడంలో వింతేం లేదు. సింహం సొంత ఇల్లు. మధ్యాహ్నం దగ్గరపడుతుండగా పుట్టింది కాబట్టి దిగ్బలమూ (ఉన్న దిక్కుని బట్టి వచ్చే బలం) బాగానే ఉంది. దానికి తోడు నైసర్గిక (గ్రహానికి సహజంగా ఉండే) బలం కింద రవికి 60 షష్ట్యంశలు (బలాన్ని కొలిచే పాయింట్లు) ఊరికే వచ్చిపడతాయి, శనికి 8.57. ఎవరి జాతకమైనా ఇదే లెక్క. కాబట్టి మొత్తాలు పక్కపక్కన పెట్టి ర్యాంకులు వేస్తే శనికి అన్యాయమే. 60 షష్ట్యంశలు ఒక రూపం. రవికి ఉండాల్సింది 6.5 రూపాలు, బుధుడికి 7, శనికి 5 చాలు. ఎవరికి కావలసినదాన్ని వాళ్లు ఎంత దాటారన్నది చూడాలి.

ఈ చక్రంలో నాకు ముచ్చటేసేది శని, కుజుల వ్యవహారం. శనికి పరమోచ్చ తులలో 20వ డిగ్రీ. లాహిరి అయనాంశ (రాశుల మొదలు ఎక్కడో తేల్చే ఒక లెక్క) ప్రకారం ఈమెకి 6 దగ్గర ఉన్నాడు, ఉచ్చబలం 60కి 55 వస్తుంది. కానీ శనికి దిగ్బలం ఏడో ఇంట్లో. లగ్నంలో కూర్చున్నాడు కాబట్టి అది అయిదు దాటితే గొప్ప. కుజుడిది సరిగ్గా తిరగేసిన లెక్క. నీచలో ఉన్నందుకు ఉచ్చబలం అయిదు, పదో ఇంట్లో ఉన్నందుకు దిగ్బలం దాదాపు నిండుగా. పైగా శని పదో చూపు (తనున్న ఇంటి నుంచి పదో ఇంటి మీద పడే దృష్టి) కుజుడి మీద, కుజుడి నాలుగో చూపు శని మీద. ఈమె ఆస్పత్రిలో నర్సు. డ్యూటీ చార్టు దగ్గర పడే గొడవలు విన్నప్పుడల్లా నాకు ఈ చూపులే గుర్తొస్తాయి.

మామగారి మాటే నాకు సరైనదనిపిస్తుంది. తులకి నాలుగు, అయిదు ఇళ్లు రెండూ శనివే, అంటే యోగకారకుడు, ఆ లగ్నానికి బాగా మేలు చేసేవాడు. జన్మరాశి కుంభం, దానికీ ఆయనే అధిపతి. రాహు, గురు దశలు అయ్యాక 2008 ప్రాంతంలో 19 ఏళ్ల శని దశ పట్టింది. ఉద్యోగం పర్మనెంట్ అయింది అప్పుడే. ఇల్లు మాత్రం స్లాబ్ దగ్గర ఆగి ఆగి, నైట్ డ్యూటీల డబ్బుతో మెల్లగా పూర్తయింది. నమ్మనివాళ్లకి ఇదంతా కాకతాళీయం, నేను వాదించను. ఇక రవి? తుల చర లగ్నం కాబట్టి పదకొండో ఇంటివాడు బాధకుడు, అంటే అడ్డంకులు పెట్టేవాడు. యాప్ ఫస్టు ర్యాంకు ఇచ్చింది ఆయనకే! ఆ ముక్క పట్టికలో కనబడదు మరి.

ఇదంతా ఫోన్‌లో చెప్పాక ఆమె అడిగింది: "శని దశ 2027తో అయిపోతుందిగా వదినా, అప్పుడో?"

తర్వాత 17 ఏళ్లు బుధుడు. తొమ్మిది, పన్నెండు ఇళ్లవాడు. ఆదివారం తీరిగ్గా కూర్చుని చూద్దామన్నాను. పెట్టేసిన రెండు నిమిషాలకే యాప్‌లో బుధుడికి ఎంత వచ్చిందో మెసేజ్ పెట్టింది.