ఇనుప తెర

ఇంటర్వెల్‌లో అందరూ ఐస్‌క్రీం కోసం లేచారు. నేను కదల్లేదు. స్టేజీ ముందు సేఫ్టీ కర్టెన్, మంటలు ప్రేక్షకుల వైపు రాకుండా ఆపే తెర, మెల్లగా దిగుతోంది.

లండన్, డ్రూరీ లేన్ థియేటర్ రాయల్. 1663 నుంచి ఇక్కడ ఇది నాలుగో కట్టడం. 1794 నాటి మూడోదానికీ ఇనుప తెర ఉండేది, కప్పు మీద నీళ్ల తొట్లు కూడా! అయినా 1809లో బూడిదైంది. యజమాని షెరిడన్, డబ్లిన్‌లో పుట్టిన నాటకకర్త, ఆ మంటల్ని చూస్తూ కూర్చున్నాడట. తలచుకుంటే గుండె పట్టేసింది.

వెంటనే ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ ఊరు గుర్తొచ్చింది. 1887లో అక్కడి థియేటర్ అగ్నిప్రమాదంలో 186 మంది పోయారు. ఎక్కువగా పై గ్యాలరీలో చౌక టికెట్ల వాళ్లే. అందుకే ఈ తెర దిగుతుంటే నాకు దణ్ణం పెట్టాలనిపిస్తుంది.

తలెత్తి చూశాను. పై గ్యాలరీలో ఇద్దరు పిల్లలు నవ్వుతున్నారు. వాళ్ల వెనక ఎగ్జిట్ బోర్డు వెలుగుతోంది.