రెంటల్ కారు: రేటొక్కటే చూస్తే సరిపోదు

రోడ్ ట్రిప్‌కి కారు అద్దెకు తీసుకునేటప్పుడు అందరం ముందు చూసేది రోజువారీ రేటే, కానీ జేబుకి చిల్లు పెట్టేది దాని వెనకుండే పైఖర్చులు. ఎయిర్‌పోర్ట్ కౌంటర్‌లో తీసుకుంటే అదనపు ఫీజులు పడతాయి, అదే ఊళ్లో ఉన్న బ్రాంచ్‌లో చాలాసార్లు తక్కువకే వస్తుంది. క్యాన్సిల్ చేసుకునే వీలున్న బుకింగ్ ముందే చేసి పెట్టుకుని, బయల్దేరేలోపు రెండు మూడుసార్లు రేటు చూడండి, తగ్గితే కొత్తగా బుక్ చేసి పాతది తీసేయొచ్చు.

రోజంటే సాధారణంగా 24 గంటల లెక్క. ఉదయం 10కి తీసుకున్న కారు మర్నాడు మధ్యాహ్నం 1కి ఇస్తే ఇంకో రోజు అద్దె పడొచ్చు. కిలోమీటర్ల పరిమితి ఉందా, వేరే ఊళ్లో వదిలేస్తే ఎంత, రెండో డ్రైవర్‌కి ఛార్జీ ఉందా, ఇవన్నీ ముందే అడగాలి.

ఇన్సూరెన్స్ దగ్గర తొందరపడకండి. మీ క్రెడిట్ కార్డులో కవరేజీ ఉండొచ్చు, నిబంధనలు చదివాకే కౌంటర్‌లో వద్దనండి.

ఒకసారి బంపర్ అడుగున ఎప్పటిదో గీతకి నా డిపాజిట్‌లో కోత పెట్టారు, ఫొటో లేదు కాబట్టి గట్టిగా వాదించలేకపోయాను, చాలా బాధనిపించింది. అప్పటినుంచి తాళం చేతికి రాగానే బంపర్ల అడుగుభాగం, చక్రాల రిమ్ములు, ముందు అద్దం, ఓడోమీటర్, ఫ్యూయల్ ముల్లు అన్నీ వీడియో తీస్తాను, తిరిగిచ్చేటప్పుడు కూడా. ట్యాంకు ఫుల్‌గా ఇస్తే ఫుల్‌గానే ఇచ్చేయండి, వాళ్లు నింపితే బంకు రేటు కన్నా ఎక్కువే వేస్తారు.