మూత కింద సిలిండర్

పోటీకి వెళ్లేటప్పుడు విమానాశ్రయం కౌంటర్ దగ్గర రైఫిల్ పెట్టె తెరవమన్నారు. తెరిచాను. వెనకాల వరసలో ఉన్నవాళ్లు మెడలు సాచి చూస్తుంటే లోలోపల కాస్త గర్వంగానే అనిపించింది. రైఫిల్ గురించి కాదు, ఫోమ్ గురించి. రెండు రాత్రులు కూర్చుని తయారు చేసుకున్నాను మరి. చిన్న చిన్న ఘనాలుగా ముందే గాట్లు పెట్టి ఉంటుందే, ఆ రకం. కావలసిన మేరకు ఘనాలు పీకేస్తే గుంట సిద్ధం. రైఫిల్ అందులో పసిపాపలా పడుకుని ఉంది.

"సిలిండర్ ఖాళీయేనా?"

"ఖాళీయేనండీ."

"విప్పి చూపించండి."

దొరికిపోయాను. పది మీటర్ల ఎయిర్ రైఫిల్‌కి బ్యారెల్ కింద గాలి సిలిండర్ ఉంటుంది. నింపితే లోపల 200 బార్ ఒత్తిడి. అలా నింపి విమానంలో వేయకూడదని తెలుసు కాబట్టి ముందే ఖాళీ చేశాను. విప్పమంటారని మాత్రం తట్టలేదు. ఫోమ్ మీద గీత గీసింది సిలిండర్ బిగించి ఉన్న రైఫిల్‌కి. విప్పేసరికి ఆ మేర గుంట నోరు తెరుచుకుని ఉండిపోయింది, చేతిలో సిలిండర్ మిగిలింది. "విడిగానే ఉంచండి" అన్నాడు ఆ ఉద్యోగి. ఎక్కడ ఉంచను? వెనక జనం. మూతలో ఎగుడుదిగుడుగా, కోడిగుడ్ల అట్టలాంటి ఫోమ్ ఉంది కదా, అదే కాపాడుతుందనుకుని సిలిండర్‌ని రైఫిల్ మీదే పెట్టి, మూత నొక్కి తాళాలు వేశాను.

దిగాక మూత ఒక పట్టాన రాలేదు. పెట్టెకుండే వాల్వ్ మర తిప్పితే ఉస్సుమని గాలి పీల్చుకుని అప్పుడు వదిలింది. లోపల సిలిండర్ జారి జారి వెళ్లి డయాప్టర్‌ని, అంటే కన్ను ఆనించి గురి చూసే వెనక సైటుని, ఆనుకుని ఉంది.

ఈ ఆట తెలియనివాళ్లకు ఒక మాట. మా టార్గెట్‌లో పది అంటే అర మిల్లీమీటరు చుక్క. అక్కడి నుంచి ఒక్కో వలయం 2.5 మిల్లీమీటర్లు. మర్నాడు ప్రాక్టీసులో నా మొదటి గుళ్లన్నీ కిందికి, ఎడమకి, ఎనిమిదిలో గుంపు కట్టాయి. సైటు సరిచేసుకోవడం పెద్ద పని కాదు. చెంప ఆనించే చీక్ పీస్ కూడా పిసరంత కదిలిందని కనిపెట్టడానికే సగం సమయం పోయింది. ముఖం ఆనే చోటు మారితే కన్ను మారుతుంది, కన్ను మారితే మనం సైటుని ఎన్ని క్లిక్కులు తిప్పినా అది వేరే లెక్కే. స్కోరు సంగతి ఇక్కడ రాయను.

రాత్రి గదిలో మా జట్టులో పెద్దవాడు, అందరం అన్నా అని పిలిచే ఆయన, నా పెట్టె చూసి నవ్వాడు.

"బాగా కోశావురా. కానీ నీకోసం కోసుకున్నావు. దారిలో దీన్ని తెరిచేది నువ్వా?"

తిరుగు ప్రయాణానికి ముందు కొత్త షీటు తెచ్చి ఇద్దరం నేల మీద కూర్చున్నాం. ఈసారి పాలిథీన్ ఫోమ్. నేను వాడినది పాలియురేథేన్, మెత్తన. స్పాంజిలా తేమ పీల్చి ఇనుముకి అంటిస్తుంది, కొన్నేళ్లకి పొడిపొడిగా రాలుతుంది కూడా. పాలిథీన్‌లో గాలి గదులు మూసుకుని ఉంటాయి కాబట్టి నీళ్లు ఎక్కవు, బరువుకి కుంగిపోదు. కోయడానికి మాత్రం చేతులు నొప్పెడతాయి.

రైఫిల్‌ని విప్పిన స్థితిలోనే కాగితం మీద పెట్టి గీశాం. పెన్సిల్ నిటారుగా ఉండాలి. వాలితే గీత రైఫిల్ కిందికి దూరుతుంది. ఆ గీతకి మూడు మిల్లీమీటర్లు లోపలగా కోస్తే ఫోమే పట్టి ఉంచుతుంది. నేను డయాప్టర్ చుట్టూ కూడా అలాగే కోయబోతే అన్న చెయ్యి పట్టుకున్నాడు. "సైటుని ఎవడూ ముట్టుకోకూడదు, ఫోమ్‌తో సహా." అక్కడ వేలు దూరేంత ఖాళీ వదిలాం. బరువంతా స్టాక్ మీద, అంటే భుజానికి ఆనించే భాగం మీద, చేత్తో పట్టుకునే పిస్టల్ గ్రిప్ దగ్గర ఆనేలా చూసుకున్నాం. సిలిండర్‌కి వేరే గుంట, మధ్యలో రెండు సెంటీమీటర్లకు తగ్గని గోడ. బ్లేడుని రంపంలా ఆడించకుండా పైపైన నాలుగైదుసార్లు లాగితేనే అంచు నున్నగా వచ్చింది. నా మొదటి కోత మాత్రం ఎలుక కొరికినట్టుంది, అదిప్పటికీ అలాగే ఉంది. ఏ గుంట ఖాళీగా ఉన్నా కంటపడేలా అడుగున పసుపు రంగు పలచటి షీటు అతికించి, జిగురు వాసన పోయేదాకా మూత తెరిచే ఉంచాం.

తిరిగొచ్చేటప్పుడు కౌంటర్ దగ్గర వేరే ఉద్యోగి. సిలిండర్‌ని తనే ఎత్తి, చూసి, తనే దాని గుంటలో పెట్టేశాడు. రైఫిల్‌ని తిరగేసి పెట్టబోతే అది దిగలేదు. ఒక్క క్షణం చూసి, తిప్పి పెట్టాడు. దిగింది. నేను నోరు తెరవలేదు.

ఇంటికొచ్చి తెరిచాను. డయాప్టర్ మీద పెన్సిల్‌తో పెట్టుకున్న గుర్తులు ఎదురెదురుగానే ఉన్నాయి. ఒక మూల మాత్రం సన్నగా పసుపు గీత కనిపిస్తోంది. మరలు బిగించే ఆలెన్ కీ గుంట అది. కీ ఆ గదిలో బల్ల మీదే ఉండిపోయింది.