మా మిద్దె మీద మిరప నారు ఎందుకు పడిపోయింది

ఆగస్టులో ఒక రోజు పొద్దున్నే మిద్దె ఎక్కేసరికి పద్దెనిమిది మిరప మొలకలు పక్కకు వాలిపోయి ఉన్నాయి. ముందురోజు సాయంత్రం నేను నీళ్లు పోసేటప్పుడు నిలబడే ఉన్నాయి. దగ్గరికి వంగి చూస్తే ఆకులు పచ్చగానే ఉన్నాయి గానీ, మట్టిని తాకే చోట కాడ దారంలా సన్నబడిపోయింది. మర్నాడు ఇంకో పద్నాలుగు పోయాయి. ఆ రోజు ఆఫీసులో ఒక్క బిల్లు కూడా సరిగ్గా ఎంటర్ చేయలేకపోయాను.

మేముండేది ఒంగోలు లాయర్‌పేటలో. నేను చీమకుర్తిలో ఒక గ్రానైట్ పాలిషింగ్ యూనిట్‌లో లెక్కలు రాస్తాను. పొద్దున ఎనిమిదింటికి బస్సు ఎక్కితే మళ్లీ ఇల్లు చేరేసరికి సాయంత్రం ఆరున్నర దాటుతుంది. మొక్కలు పెంచడం ఇదే మొదటిసారి. పచ్చిమిరపకాయలైనా మన మిద్దె మీద కాయాలని కోరిక పుట్టి, జూలై ఆఖరి వారంలో మొదలుపెట్టాను. గుంటూరు లాం పరిశోధన కేంద్రం వాళ్ల ఎల్‌సీఏ-334 విత్తనాలు, నారు పెంచే 98 గుంటల ట్రే (ప్రోట్రే అంటారు), ఇటుక సైజులో ఉండే కోకోపీట్, అంటే కొబ్బరి పీచు పొట్టు, దిమ్మె ఒకటి తెచ్చాను. దిమ్మెను బోరు నీళ్లలో నానబెట్టి, ట్రే నింపి, గుంటకో గింజ అర సెంటీమీటరు లోతున పెట్టి, మెట్ల గది కిటికీ పక్కన ఉంచాను. తొమ్మిదో రోజుకు 71 మొలిచాయి. మిరపకు వారం నుంచి పన్నెండు రోజులు పట్టడం మామూలే. అంతవరకు అంతా బాగుంది.

తర్వాత జరిగినవి ఒకదాని మీద ఒకటి వచ్చిపడ్డాయి. ఇలాంటి ఇబ్బందిలోనే ఉన్నవాళ్లకు పనికొస్తుందేమోనని వివరంగా రాస్తున్నాను.

మొదటి సూచన కాడల్లోనే కనిపించింది. మొలిచిన నాలుగు రోజులకే మొలకలన్నీ కిటికీ వైపు మెడ చాచి, పొడుగ్గా, పాలిపోయి తయారయ్యాయి. బాగా ఎదుగుతున్నాయని నేను సంతోషపడ్డాను. కానీ అది ఎదుగుదల కాదు. వెలుతురు చాలనప్పుడు మొలక తన దగ్గరున్న కాస్త శక్తినీ కాడను సాగదీయడానికే ఖర్చుపెడుతుంది. గింజ పగలని రోజుల్లో చీకటిగా ఉన్నా ఫరవాలేదు. మొలక తల ఎత్తిన రోజు నుంచే దానికి వెలుతురు కావాలి. మెట్ల గది కిటికీ మన కళ్లకు వెలుగ్గానే ఉంటుంది, మొక్కకు మాత్రం అది సరిపోదు.

ఆ సంగతి తెలిశాక తొందరపడ్డాను. ఒక ఆదివారం పదింటికి ట్రేని నేరుగా మిద్దె మీద ఎండలో పెట్టాను. మధ్యాహ్నానికి ఆకుల మీద తెల్లటి మచ్చలు. నీడలో పెరిగిన లేత ఆకు ఒంగోలు ఎండకు ఒక్క రోజులో అలవాటు పడలేదు. భయమేసి సాయంత్రం నీళ్లు పోశాను. రాత్రి మబ్బు పట్టింది. ఆ తర్వాత మూడు రోజులు ముసురే. ఆ ముసురులోనూ నేను సాయంత్రం నీళ్లు పోయడం మానలేదు. ఆఫీసు నుంచి వచ్చాక నాకు వీలైన సమయం అదే మరి. మొదట్లో చెప్పిన ఆ పద్దెనిమిది పడిపోయింది ఇది జరిగాకే.

మిగిలిన ముప్పై తొమ్మిది పచ్చదనం కోల్పోతుంటే ఆకలేమో అనుకున్నాను. నత్రజని, భాస్వరం, పొటాష్ సమానంగా ఉండే 19:19:19 ఎరువు లీటరు నీళ్లకు ఒక టీ స్పూను కలిపి పోశాను. రెండు రోజుల్లో ఆకుల కొసలు గోధుమ రంగుకు తిరిగి, ఎండిన కాగితంలా ముడుచుకున్నాయి. ట్రే అంచుల చుట్టూ తెల్లగా ఏదో పేరుకుంది. తుడిచేశాను గానీ, అదేమిటో ఆలోచించలేదు.

అప్పుడే అత్తయ్య కొండపి దగ్గర మా ఊరి నుంచి వచ్చారు. మా మామయ్య ఉన్నంతకాలం వాళ్లది పొగాకు సేద్యం. ప్రతి ఏడూ ఆగస్టులో నారుమళ్లు కట్టడం, అక్టోబరు, నవంబరుల్లో నాటడం. ఆమె అరచెయ్యి నారు పీకి పీకి ఇప్పటికీ గట్టిగానే ఉంటుంది.

మిద్దె మీదికి రాగానే ట్రే ముందు కూర్చున్నారు.

"ఏందమ్మాయ్ ఇది, నారుని ముంచేశావే!"

"పైన ఆరినట్టే ఉంది గదా అత్తయ్యా?"

"పైన చూస్తే ఏం తెలుస్తది? వేలు పెట్టి చూడు."

వేలు పెట్టాను. అర అంగుళం కింద చిత్తడిగా ఉంది. ఆమె ఒక మొక్కను గుంటతో సహా తీసి, పీటు రాల్చి, వేరు చూపించారు. తెల్లగా ఉండాల్సిన వేరు గోధుమ రంగులో ఉంది. రెండు వేళ్ల మధ్య లాగితే పైతోలు ఊడి చేతికి వచ్చింది. "నారుకుళ్లు. దీన్నెరగని పొగాకు రైతు లేడు" అన్నారు.

ఆ రాత్రి భోజనాల తర్వాత ఆమె చెప్పినవన్నీ నేను ఒక నోట్‌బుక్‌లో రాసుకున్నాను. పొగాకు గింజ ఎంత చిన్నదంటే, గ్రాములో పది వేలకు పైనే ఉంటాయి. ఇసుకలో కలిపి చల్లకపోతే ఒకే చోట కుప్పగా పడిపోతాయట. నారు ఒత్తుగా మొలిస్తే గాలాడక కుళ్లు మొదలవుతుంది కాబట్టి పలచన చేయడం తప్పనిసరి. మడిని ఎప్పుడూ ఎత్తుగా కట్టి, మడికీ మడికీ మధ్య నీళ్లు పోయేందుకు కాలువ వదిలేవారు. విత్తే ముందు మడి మీద పొట్టు, చెత్త పరిచి కాల్చేవారు. మట్టిలో ఉన్న తెగులు ఆ వేడికి చస్తుందని. ముసురు పట్టిందంటే మైలతుత్తం, సున్నం కలిపి పోసేవారు. పుస్తకాల్లో బోర్డో మిశ్రమం అంటారే, అదే. నారుకుళ్లు తెచ్చే పిథియం, రైజోక్టోనియా అనే సూక్ష్మజీవుల పేర్లు ఆమెకు తెలియవు. వాటికి ఏం కావాలో మాత్రం బాగా తెలుసు: ఆరని తడి, ఆగిన గాలి, ఒత్తుగా ఉన్న లేత కాడలు. మెట్ల గదిలో నేను ఈ మూడూ సిద్ధం చేసి పెట్టాను.

మాట మధ్యలో ఆమె ఆగి, "మీ బోరు నీళ్లు ఎప్పుడన్నా నోట్లో పోసుకున్నావా?" అని అడిగారు.

పోసుకోలేదు. తాగడానికి క్యాన్ నీళ్లు, వంటకు కుళాయి నీళ్లు, గిన్నెలకూ బట్టలకూ బోరు. పదేళ్లుగా అంతే. అప్పటికప్పుడు ట్యాంకు నుంచి గ్లాసుడు పట్టి ఒక గుక్క తాగాను. ఉప్పన. సముద్రం కొత్తపట్నం దగ్గరే గదా మాకు.

"పొగాక్కి ఉప్పు నీళ్లు కడితే ఆకు సరిగా కాలదు, ధర పడిపోద్ది. నారుమడికి మంచినీళ్ల బావి వెతుక్కుని కావిడితో మోసేవాళ్లం" అన్నారు. తర్వాత చదివితే అది నిజమే. నీళ్లలో క్లోరైడ్ ఎక్కువైతే పొగాకు ఆకులో చేరి, కాలే గుణాన్ని చెడగొడుతుంది. ఆ మాటతోనే నాకు ట్రే అంచున పేరుకున్న తెల్లటిది గుర్తొచ్చింది.

మర్నాడు టీడీఎస్ మీటరు తెప్పించాను. లీటరు నీళ్లలో ఎన్ని మిల్లీగ్రాముల లవణాలు కరిగి ఉన్నాయో అది చూపిస్తుంది. పెన్ను సైజులో ఉంటుంది, కొన్ని వందల రూపాయలు. బోరు నీళ్లు 1,940 చూపించింది. సాగర్ కుడికాలువ నుంచి వచ్చే కుళాయి నీళ్లు 380. ముసురులో బకెట్‌లో పట్టిన వాన నీళ్లు 24. మనం తాగే నీళ్లకే 500 లోపు ఉండాలనీ, వేరే దారి లేకపోతే 2,000 వరకు ఫరవాలేదనీ భారతీయ ప్రమాణాల సంస్థ లెక్క. మొక్కజొన్న గింజంత మొలకకు నేను దాదాపు ఆ పై గీతకే తగిలే నీళ్లు పోస్తూ వచ్చాను. అన్నిటికంటే ఎక్కువగా నన్ను కదిలించింది ట్రే అడుగు నుంచి కారిన నీళ్ల లెక్క: 3,400. బోరు ఉప్పు, కడగని కోకోపీట్‌లోని ఉప్పు, దాని మీద నేను పోసిన ఎరువు, మూడూ కలిసి ఆ అంకె అయ్యాయి.

కోకోపీట్ సంగతి ఇక్కడే చెప్పాలి. కొబ్బరి పీచును చాలాచోట్ల తీరంలో ఉప్పు నీళ్లలో నానబెడతారు. అందుకే కడగకుండా అమ్మే దిమ్మెల్లో సోడియం, పొటాషియం ఎక్కువగా ఉంటాయి. వాడే ముందు మంచి నీళ్లతో నానబెట్టి, పిండి, మళ్లీ నానబెట్టి, పిండిన నీటి లెక్క మనం వాడే మంచి నీళ్ల లెక్కకు దగ్గరయ్యే వరకు కడగాలి. నాకు ఐదు సార్లు పట్టింది.

చుట్టూ ఉప్పు ఎక్కువగా ఉన్నప్పుడు వేరు నీళ్లు పీల్చుకోలేదు. తడిలోనే నిలబడి మొక్క దప్పికతో వాడుతుంది. వాడింది గదా అని మనం ఇంకా పోస్తాం. పాలిపోయింది గదా అని ఎరువు వేస్తాం. ఎరువు కూడా ఉప్పే. నేను సరిగ్గా ఈ వలయంలోనే తిరిగాను. ఇది అర్థమయ్యాక ఆ మొక్కల మీద నాకు కలిగిన జాలి మాటల్లో చెప్పలేను. రోజూ దగ్గర కూర్చుని వాటికి నేను పెట్టింది అదన్నమాట.

మిగిలిన వాటిని కాపాడే ప్రయత్నం చేశాం. పడిపోయిన వాటినీ, వాటి గుంటలోని పీటునూ తీసి చెత్తలో వేశాం. కంపోస్టులో వేయకూడదు, తెగులు మళ్లీ అక్కడే ఉంటుంది. లీటరు నీళ్లకు 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ అనే తెగులు మందు కలిపి మొదళ్లు తడిసేలా ఒకసారి పోశాను. రెండు రోజులు ఆరనిచ్చి, వాన నీళ్లతో ట్రేని నిదానంగా కడిగాను. కిందికి కారేది 700కు దిగేదాకా. తర్వాత పైపొర ఆరితే తప్ప నీళ్లు ముట్టలేదు. పదకొండు బతికాయి. కాలిన ఆకు మళ్లీ పచ్చబడదు, దాన్ని చూస్తూ కూర్చుంటే టెన్షన్ తప్ప ఏమీ ఉండదు. మధ్యలో వచ్చే కొత్త చిగురు ఎలా ఉందో చూడాలి. అలాగే మొదట వచ్చే రెండు బీజదళాలు కొన్నాళ్లకు పసుపై రాలిపోతే అది జబ్బు కాదు. వాటి పని అయిపోయిందంతే. దానికి కూడా నేను ఒక రాత్రి నిద్ర పోగొట్టుకున్నాను.

ఆగస్టు ఆఖరున మళ్లీ విత్తాను. ఈసారి అన్నీ అత్తయ్య ముందు కూర్చుని. అడుగున చిల్లులు పెట్టిన 40 కాగితం కప్పులు, వాటిలో ఎర్రమట్టి, ఇసుక, కడిగిన కోకోపీట్, కొద్దిగా వర్మీకంపోస్టు. గింజలకు ట్రైకోడెర్మా పొడి పట్టించాం. అది కుళ్లు తెగుళ్లను అణిచే మేలు చేసే శిలీంధ్రం. యాభై శాతం నీడనిచ్చే ఆకుపచ్చ వల కింద, గాలి ఆడే చోట. తలెత్తగానే ఉదయం ఎండ ఒక గంట, రెండు రోజులకోసారి ఇంకో అరగంట. నీళ్లు పొద్దున ఆరింటికే, అదీ పైనుంచి కాకుండా పళ్లెంలో పోసి కప్పులు అందులో పెట్టి, పావుగంట తర్వాత తీసేయడం. తడిసిన కప్పు, ఆరిన కప్పు చేతిలో ఎంత బరువుంటాయో నాలుగు రోజుల్లో చెయ్యే చెప్పేస్తుంది. నాకు మీటరు కంటే ఇదే ఎక్కువ ఉపయోగపడింది. ఎరువు మూడో జత ఆకులు వచ్చేవరకు లేదు. తర్వాత కూడా లీటరుకు అర గ్రామే.

ముప్పై నాలుగు మొలిచాయి. మూడు పోయాయి. వాటిలో రెండింటిని కాకి పీకింది.

నాలుగో వారంలో కొన్నిటికి ఆకులు ముడుచుకున్నాయి. మళ్లీ గుండె జారింది గానీ, మిరప రైతుల ఇళ్లల్లో పిల్లలకు కూడా తెలిసిన తేడా ఒకటి ఉంది. ఆకు పడవలా పైకి ముడిస్తే తామర పురుగు, బోర్లించిన పడవలా కిందికి ముడిస్తే నల్లి. మావి పైకి ముడిచాయి. తెల్ల కాగితం మీద కొమ్మను తడితే సన్నటి పురుగులు రాలి కదిలాయి. లీటరుకు 5 మిల్లీలీటర్ల వేప నూనె, కాస్త సబ్బు నీళ్లు కలిపి సాయంత్రం పూట వారం తేడాతో రెండుసార్లు కొట్టాను. నీలం రంగు జిగురు అట్టలు రెండు కట్టాను. కొత్త ఆకులు చదునుగా వస్తున్నాయి.

ఈ రోజుకు విత్తి ముప్పై ఎనిమిది రోజులు. మిరప నారు నాటడానికి ఐదారు వారాలు సరైన వయసు. అత్తయ్య ఫోన్‌లో చెప్పిన ప్రకారం నాలుగు రోజుల నుంచి నీళ్లు తగ్గించాను. పొగాకు నారునీ పీకే ముందు ఇలాగే గట్టిపరిచేవారట. కాడలు పెన్సిల్ కంటే కాస్త సన్నంగా, ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. పన్నెండు అంగుళాల గ్రో బ్యాగులు నింపి సిద్ధంగా పెట్టాను. మొదటి విడతలో బతికిన పదకొండింటినీ వాటి పక్కనే వరసలో పెడతాను. అవి పొట్టివే గానీ, ఒకదానికి అప్పుడే మొగ్గ కనిపిస్తోంది. అంత చిన్న మొక్కకు మొగ్గ భారమని, ముందు కొమ్మలు వేయనివ్వాలని గిల్లేయమన్నారు అత్తయ్య. పొద్దున రెండుసార్లు చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాను. రేపు గిల్లుతాను.

కొత్తపట్నం వైపు మబ్బు లేస్తోంది. మిద్దె మీది వాన నీళ్లు దిగే గొట్టం కింద పెద్ద డ్రమ్ము పెట్టి వచ్చాను. మా ఆయన దాని మూతికి పాత పంచె కడుతున్నారు.