తట్టలు అందించే చిప్

ఆదివారం చర్చిలో ఎలక్ట్రిక్ గిటార్ వాయిస్తాను. వాయించిన శబ్దాన్ని కాస్త ఆలస్యంగా మళ్లీ వినిపించే డిలే పెడల్ మీద మోజు చాలా ఏళ్లది, కొనడానికి మాత్రం చెయ్యి రాలేదు. మైక్‌సెట్‌లో ఎకో ఉంది కదా అంటారు. అది గొంతుకు పనికొస్తుంది, గిటార్‌కి పెడితే బావిలో కూర్చుని వాయించినట్టుంటుంది. సొంతంగా చేద్దామని పోయిన ఎండాకాలం మొదలుపెట్టాను. రెండు వారాల పని అనుకున్నది వానలు పడేదాకా సాగింది.

స్లాబ్ పోసేటప్పుడు కింది నుంచి మీదికి మనుషులు వరసగా నిలబడి మాలు తట్టలు అందించుకుంటారు చూడండి, అనలాగ్ డిలే చిప్‌లో జరిగేది అదే. లోపల వేల కొద్దీ బుల్లి కెపాసిటర్లు వరసగా ఉంటాయి. గిటార్ నుంచి వచ్చిన వోల్టేజీని ఒకటి పట్టుకుని పక్కదానికి ఇస్తుంది, అది ఆ పక్కదానికి. చివరికి చేరడానికి పట్టే సమయమే మనకు వినపడే ఆలస్యం. 1969లో ఫిలిప్స్ ల్యాబ్‌లో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు దీన్ని కనిపెట్టారు. మంటలార్పడానికి బకెట్లు అందించుకునే వరసను బట్టి బకెట్ బ్రిగేడ్ అంటారు. 'ఊ, అందుకో' అని కేకలేసే మేస్త్రీ పని క్లాక్ చిప్‌ది.

పీటీ2399 పెట్టుకుంటే సులువుగా అయిపోతుందని తెలిసినవాళ్లు చెప్పారు. నిజమే, చవక కరావోకే పెట్టెల్లో చాలావరకు అదే ఉంటుంది. కానీ అది శబ్దాన్ని అంకెలుగా మార్చి దాచుకునే డిజిటల్ చిప్. నాకు అనలాగే కావాలి. మొండితనమే అనుకోండి.

ఆ మొండితనానికి మొదటి జరిమానా ఆన్‌లైన్‌లో కట్టాను. పాత అనలాగ్ డిలే చిప్‌లు ఎంఎన్3005లని తెప్పిస్తే రెండూ నకిలీవే. స్పిరిట్ దూదితో రుద్దితే మీది పేరు చెరిగిపోయింది! తర్వాత కొత్తగా తయారవుతున్న వీ3205, దానికి జత క్లాక్ చిప్ తీసుకున్నాను. 4,096 మెట్లు, అంటే తట్టలందుకునే మనుషులు అంతమంది. 5 వోల్టులు చాలు. సిగ్నల్‌ని పెంచే టీఎల్072 ఐసీలు, 5 వోల్టులిచ్చే 7805 రెగ్యులేటర్, జాకులు, నాబ్‌లు కోఠి గుజరాతీ గల్లీలో దొరికాయి. నల్లగొండలో పొద్దున బస్సెక్కి రాత్రి భోజనానికి ఇంటికొచ్చాను. బోర్డు మీద గీతలు మార్కర్‌తో గీసి మిగతా రాగిని తినేసే ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేశాను. అది వరండాలో షాబాదు బండ మీద ఒలికింది. ఆ మచ్చ ఇంకా ఉంది, అమ్మ మాటలూ ఉన్నాయి.

టంకం అయ్యాక ఇంట్లో పడున్న వైఫై డబ్బా అడాప్టర్ గుచ్చాను. పెడల్ సాకెట్ నేను వైరింగ్ చేసింది మధ్యలో మైనస్ వచ్చేట్టు, ఆ అడాప్టర్‌కి మధ్యలో ప్లస్. టీఎల్072 వేడెక్కి పోయింది. వెంటనే ప్లస్ దారిలో కరెంటును ఒకవైపే పోనిచ్చే 1ఎన్4007 డయోడ్ వేశాను. రూపాయి వస్తువు, ముందే వేయాల్సింది.

కొత్త ఐసీ పెట్టాక గిటార్ వినపడింది, ఎకో మాత్రం లేదు. వారం రోజులు టంకాలన్నీ మళ్లీ మళ్లీ వేడిచేసి చూశాను. టెన్షన్ పట్టలేక క్లాక్ టవర్ దగ్గర యాంప్లిఫయర్లు బాగుచేసే అన్న దగ్గరికి తీసుకెళ్లాను. ఈ చిప్ ఆయన ఎప్పుడూ చూడలేదు. ఒక వైరుకు 0.1 మైక్రోఫారడ్ కెపాసిటర్ అంటించి, రెండో కొసను యాంప్‌కి కలిపి, నన్ను గిటార్ మీటుతూ ఉండమన్నాడు. కెపాసిటర్ కాలితో బోర్డు మీద ఒక్కో చోటా తాకుతూ పోయాడు. సన్నని శబ్దాలను కోసేసే ఫిల్టర్ దాకా శబ్దం ఉంది, చిప్ అవతల లేదు.

"తమ్మీ, లోపలికి పోతున్నది గని ఇవతలికి వస్తలేదు. దానికేం గావాల్నో కాయితం సూడు."

కాయితం అంటే డేటాషీట్. కావాల్సింది బయాస్. సిగ్నల్ సరఫరా వోల్టేజీలో సుమారు సగం దగ్గర ఊగకపోతే ఈ చిప్ దాన్ని మోయదు. దాన్ని సరిచేసే బుల్లి నాబ్, ట్రిమ్మర్, ఒక కొసకు ఉండిపోయింది. ఇంటికొచ్చి స్క్రూడ్రైవర్‌తో నెమ్మదిగా తిప్పాను. ముందు గరగర, తర్వాత గరగరలో గిటార్, తర్వాత శుభ్రంగా ఎకో, ఇంకా తిప్పితే మళ్లీ గరగర. రెండు గరగరల నడుమ ఆపాను. ఆసిలోస్కోప్ లేనివాళ్లకు చెవే మీటర్. ఆ రాత్రి ఒంటిగంట దాకా ఒక్క తీగే మీటుతూ కూర్చున్నాను.

మర్నాడు ఈల మొదలైంది. ఆలస్యం అర సెకను ఉండాలని క్లాక్‌లో పెద్ద నాబ్ వేశాను. మెట్ల సంఖ్యలో సగాన్ని క్లాక్ వేగంతో భాగిస్తే ఆలస్యం. అర సెకను రావాలంటే క్లాక్ సెకనుకు 4,096 సార్లే కొట్టాలి, అది చెవికి స్పష్టంగా వినపడే ఈల. నా ఫిల్టర్ 3 కిలోహెర్ట్జ్, అంటే సెకనుకు 3,000 దగ్గర కోయడం మొదలుపెడుతుంది, దాన్ని పూర్తిగా ఆపలేదు. 300 మిల్లీసెకన్లకైతే క్లాక్ 6,800 దాకా ఉంటుంది, ఫిల్టర్‌కి అందుతుంది. అర సెకను ఆశ వదులుకున్నాను. చిప్ రెండు అవుట్‌పుట్‌లు కలిసే చోట చిన్న ట్రిమ్మర్ పెట్టి సరిచేస్తే ఈల ఇంకొంత తగ్గింది. క్లాక్ వైర్లను ఇన్‌పుట్ జాక్‌కి దూరంగా జరిపితే మరికొంత.

డబ్బా స్టీలు టిఫిన్ బాక్సే. డ్రిల్ జారి మూత మీద ఒక గీత పడింది. నాబ్ మాత్రం పాతదే, మార్చలేదు. 300 దగ్గర చెల్లెలి నెయిల్ పాలిష్‌తో ఎర్రచుక్క పెట్టాను. చర్చిలో నా పెడల్ చూసిన ప్రతివాడూ ముందు ఆ చుక్క దాటించి తిప్పుతాడు.