డబ్బా నిండుగా తిరిగొచ్చిన రోజు సాకర్ ప్రాక్టీసు

అమెరికాలో కొన్ని బడుల్లో లంచ్ 11 గంటలకే అయిపోతుంది. సాకర్ ప్రాక్టీసు సాయంత్రం 5:30కి. వాసనొస్తోందని పక్కవాళ్లు ముక్కు మూసుకుంటారని పులిహోర డబ్బా మూతైనా తీయని పిల్ల, పొద్దున తిన్న సీరియల్ మీదే పరిగెత్తుతున్నట్టు. కాళ్లు పీకుతున్నాయంటే ఓపిక లేదని కసురుకోకండి, ముందు డబ్బా తెరిచి చూడండి. బడికి చపాతీలో పనీర్ చుట్టి పంపినా మనదనం ఎక్కడికీ పోదు. పులిహోర ఇంటికొచ్చాక పెట్టొచ్చు.

పదేళ్ల పిల్లకి 3:30కల్లా మూడు ఇడ్లీలు, అరకప్పు సాంబారు. లేదంటే కప్పు పెరుగన్నం, ఒక అరటిపండు. ఆ వేళ పూరీలు, గారెలు వద్దు. నూనె తిండి కడుపులో ఎక్కువసేపు ఉండిపోతుంది, పరిగెత్తితే డొక్కలో పోటు వస్తుంది. ఆలస్యమైతే కారులో అరటిపండు చాలు. గంట ఆటకి స్పోర్ట్స్ డ్రింక్ అక్కర్లేదు. 20 నిమిషాలకోసారి 100 నుంచి 250 మిల్లీలీటర్ల నీళ్లు తాగిస్తే సరిపోతుంది. రాత్రికి పప్పన్నం, గుడ్డు, పెరుగు.

కారు దిగగానే ఒంగి కాలివేళ్లు పట్టుకోమనకండి. ఆటకి ముందు కండరాన్ని నిమిషానికి మించి లాగి ఉంచితే కాసేపు దాని బలం తగ్గుతుంది. మొదట 5 నిమిషాలు మెల్లగా పరుగు, తర్వాత కాలు ముందుకీ వెనక్కీ ఊపడం, ఒక్కో కాలికి 10 సార్లు. లాగి పట్టే స్ట్రెచ్‌లు ఆట అయ్యాకే: పిక్కలకీ, తొడ ముందువైపుకీ వెనకవైపుకీ 30 సెకన్ల చొప్పున రెండేసి సార్లు. పిక్కలకి గోడ పట్టుకుని చేసేటప్పుడు పిల్లలు వెనక కాలి మడమ పైకి లేపేస్తారు, పాదం పక్కకి తిప్పేస్తారు. అప్పుడు పిక్క సరిగా సాగదు. మడమ నేలకి ఆనాలి, వేళ్లు గోడవైపు ఉండాలి.

శనివారం కూచిపూడి క్లాసుకీ వెళ్లే పిల్లలైతే అరమండిని, అంటే పాదాలు పక్కకి తిప్పి మోకాళ్లు వంచి సగం కూర్చునే భంగిమని, గమనించండి. తొడ మొదట్లో కండరాలు బిగిసిపోయిన పిల్లలు పాదాలు మాత్రం పక్కకి తిప్పుతారు, మోకాళ్లు ముందుకే వాలిపోతాయి. బరువంతా మెలిపడి మోకాలి మీద పడుతుంది. తిప్పడం తొడ మొదట్లోంచి రావాలి, మోకాలు పాదం వేళ్ల మీదుగా ఉండాలి. అంతవరకే తిప్పనివ్వండి, అరమండి కాస్త తక్కువ విచ్చుకున్నా సరే. క్లాసయ్యాక బద్ధకోణాసనం (కూర్చుని అరికాళ్లు కలిపి మోకాళ్లు పక్కలకి వాల్చడం) 30 సెకన్లు, మోకాళ్లని చేత్తో నొక్కకుండా.

8 నుంచి 14 ఏళ్ల మధ్య మడమ వెనక నొప్పి అంటే చాలాసార్లు అక్కడ ఎముక ఇంకా పెరుగుతుండటమే కారణం. నొప్పి పెడుతుంటే పిక్కని బలవంతంగా లాగించకండి, పరుగు తగ్గించండి. కుంటుతుంటే ఆ వారం ఆట మాన్పించి పిల్లల డాక్టరుకి చూపించండి.